కిలో ఇట్రియా

"ఇట్రా" అని ఎవరో కేకేసినట్టు వినబడి చంద్రయ్య చేతిలో ఉన్న నూనె గుడ్డ అవతల పడేసి గబగబా లేచాడు.

నాచారం పారిశ్రామికవాడలో, మల్లాపూర్‌కు తిరిగే మూలమీద ఉందా చిన్న కంపెనీ. టంగ్‌స్టన్ పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో పెట్టి, గట్టి రాడ్లుగా తీయడం అక్కడి పని. కొలిమి హైడ్రోజన్‌తో నడుస్తుంది కాబట్టి దాని షెడ్డును మిగతా షెడ్లకు దూరంగా, వెనక ప్రహరీకి ఆనించి కట్టారు. అక్కడ ఫోను ఉండకూడదు, బీడీ ఉండకూడదు, పని లేని మనిషి అసలే ఉండకూడదు. పనున్న మనిషి ఒక్కడే, చంద్రయ్య. ఇరవై రెండేళ్ళుగా ఆయనకు కొలిమితోనే చెలిమి. పొద్దంతా పొడితో పని కదా, ఎవరైనా ఎదురుపడ్డా రెండు పొడిమాటలే రాలేవి. అలాంటి మనిషిని పేరు లేకుండానైనా సరే ఎవరో పిలిచారంటే లేవకుండా ఎలా ఉంటాడు.

కేక పొడి గదిలోంచి వచ్చింది. చంద్రయ్య చేరేసరికి క్యాంటీన్ బాలనర్సమ్మ అప్పటికే గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉంది.

"ఏం పిల్లా, నీ తల్లి ఈడుదాన్ని. ఇట్రా ఇట్రా అని కుక్కను పిలిసినట్టు పిలుస్తవా. ఇటు రా అత్తా అంటె నోరు అరుగుతదా?"

లోపల ఇంజనీరు ప్రజ్ఞ బిక్కమొహం వేసింది. మల్కాజిగిరి నుంచి వస్తుంది, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. "అయ్యో అత్తా, నిన్ను పిలుస్తలేను. ఇట్రియా. ఇట్రియా డబ్బా ఏడ పెట్టిన్రని అడుగుతున్న."

"సూడు, మళ్ళ అంటున్నది. పక్కన యా గూడ జేర్చింది."

తూకాల గది చూసే శివశంకర్ నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నాడు. "అది మందు పేరత్తా. తెల్లపొడి ఉంటది. నిన్ననే వచ్చింది, టంగ్‌స్టన్‌ల కలుపుతరు. నువ్వు పోయి చాయ్ వెట్టు."

"పేరు వెట్టెటోనికి జర బుద్ధి ఉండద్దా" అంటూ బాలనర్సమ్మ వెనుదిరిగింది. అప్పుడు గాని అందరికీ చంద్రయ్య కనబడలేదు.

"నువ్వెందుకొచ్చినవే అన్నా?" అన్నాడు శివశంకర్.

"ఊకెనే" అన్నాడు చంద్రయ్య.

బాలనర్సమ్మకు ఇట్రా అన్నందుకు కోపం. ఆయనకు ఇట్రా అననందుకు దిగులు. కానీ ఇలాంటి దిగుళ్ళు బయటికి చెప్పుకొనేవి కావు గనక, టోపీ సర్దుకొని వెళ్ళబోయాడు. ప్రజ్ఞే ఆపింది.

"మంచిగయింది వచ్చినవు మామా. ఈ బ్యాచ్ నువ్వే కాల్చాలె. జర కూసో, చెప్త."

చంద్రయ్య కూర్చున్నాడు. ఆ అమ్మాయి కాగితం మీద గుండ్రాలు గీస్తూ చెప్పింది. టంగ్‌స్టన్ గింజలు కొలిమి వేడికి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, సందులు మూసుకుపోతాయి, రాడ్డు గట్టిపడుతుంది. అంతవరకు బాగానే ఉంటుంది. వేడి ఇంకా తగిలేకొద్దీ పెద్ద గింజలు చిన్నవాటిని మింగి బలుస్తాయి. గింజ బలిస్తే రాడ్డు బలహీనపడుతుంది, పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది. అందుకని ఈ ఇట్రియా అనే ఆక్సైడును సన్నగా మరబట్టి కలుపుతారు. దాని రేణువులు గింజకూ గింజకూ మధ్య గోడల్లో ఇరుక్కొని కూర్చుంటాయి. గోడను కదలనివ్వవు.

"అంటె పంచాయితీల పెద్దమనిషి లెక్క" అన్నాడు చంద్రయ్య.

"గంతే మామా. రెండిండ్ల నడుమ కూసుంటది, ఏ ఇంట్ల కలవది."

చంద్రయ్యకు ఆ రేణువు మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

ఆ రోజు యాభై కిలోల బ్యాచ్ కలిపారు. నలభై తొమ్మిది కిలోల టంగ్‌స్టన్ చంద్రయ్య తూచి పోశాడు. కిలో ఇట్రియాను ప్రజ్ఞే కొత్త డబ్బాలోంచి తన చేత్తో కొలిచి పోసింది. తర్వాత కంపెనీ యజమాని గోపాలరావు వచ్చి చంద్రయ్యను పక్కకు పిలిచాడు. తణుకు నుంచి వచ్చి నాచారంలో పాతికేళ్ళుగా స్థిరపడ్డ మనిషి, మాట మాత్రం ఇంకా గోదావరి నీళ్ళలోనే నానుతుంటుంది.

"చూడు చంద్రయ్యా, దాచటం నాకు చేతకాదు. మామూలు టంగ్‌స్టన్ రాడ్లు ఇప్పుడు అందరూ చేసేస్తన్నారు. ఈ కొత్త రకం కుదిరిందా, మన కొలిమి ఉంటుంది. అసలు సందే లేని రాడ్డు నూరనుకుంటే, మన రాడ్డు సాంద్రత తొంభై ఎనిమిది దాటాలంటున్నారు కొనేవాళ్ళు. దాటలేదనుకో, కొలిమి తీసేసి కాల్చే పని బయట ఇచ్చేస్తా. నిన్నేమీ వదులుకోన్లే, ప్యాకింగులో వేస్తాను."

"ప్యాకింగ్‌ల మంది ఉంటరు గద సార్" అన్నాడు చంద్రయ్య.

"మంచిదేగా, నీకూ కాలక్షేపం."

చంద్రయ్య కొలిమి షెడ్డు వైపు నడిచాడు. మంది మధ్య ఒంటరిగా ఉండటం కన్నా కొలిమి పక్కన ఒంటరిగా ఉండటమే నయమని అనుభవంతో తెలిసినవాడు. భార్య పోయిన కొత్తలో దూరపు బంధువుల పెళ్ళని దమ్మాయిగూడ వెళ్ళి, మూడొందల మంది నడుమ ఒక కుర్చీలో మూడు గంటలు కూర్చొని, అక్షింతలు వేసి, భోంచేసి వచ్చాడు. దారి పొడవునా ఆయనతో మాట్లాడింది ఆటో మీటరొక్కటే. కొలిమి అలా కాదు. తలుపు తెరిస్తే ఒక రకంగా మూలుగుతుంది, గ్యాసు తగ్గితే ఒక రకంగా గునుస్తుంది. ఆయన తిడితే పడుతుంది. ఆయనకు లోకంలో మిగిలిన చుట్టం అదే. పేరుకు ఇనుప చుట్టమే.

సోమవారం తెల్లారి రాడ్లను కొలిమిలో పెట్టాడు. ప్రజ్ఞ ఆ పొద్దున్నే బెంగళూరు రైలెక్కింది, కొనేవాళ్ళను కలవడానికి. వెళ్ళేముందు కాగితం మీద రాసిచ్చింది. వేడి పద్నాలుగు వందల డిగ్రీలకు ఎక్కించాలి, ఎక్కిన మరుక్షణం వంద దించి, అక్కడే పది గంటలు నిలపాలి. పైకెక్కినప్పుడు సందులు మూసుకోవడం మొదలవుతుంది, దించి నిలిపితే గింజ బలవకుండా మిగతావి నింపాదిగా మూసుకుంటాయి.

చంద్రయ్య నిలిపాడు. పది గంటలూ స్టూలు మీద ఉన్నాడు. పొగగొట్టం కొసన హైడ్రోజన్ మండుతూ ఉంటుంది, కానీ ఆ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. అరగంటకోసారి చీపురుపుల్ల చాచి చూస్తాడు. పుల్ల అంటుకుంటే మంట ఉన్నట్టు. ఆ రోజు ఇరవై పుల్లలు కాల్చి, ఇరవైసార్లు లాగ్ పుస్తకంలో రాసి, ఇరవైసార్లు తనే సంతకం పెట్టాడు. చూసింది ఆయనే, రాసింది ఆయనే, సాక్షీ ఆయనే.

సాయంత్రం లాకరు తెరిచి ఫోను చూసుకున్నాడు. మిస్డ్ కాల్ లేదు. ఆయన్ని మిస్ అయ్యేవాళ్ళుంటే కదా. ఉప్పల్‌లో దిగి కర్రీ పాయింట్‌లో అరపొట్లం పప్పు కొన్నాడు. ఉప్పల్‌లో ఉంటాడన్న మాటే గాని ఆ పప్పుకూ ఉప్పుండదు, ఆయన సాయంత్రాలకూ ఉండదు. మెట్ల మీద ఇంటి ఓనరు ఎదురయ్యాడు. చంద్రయ్య సింటరింగ్ పని, అంటే పొడిని కాల్చి గట్టిపరిచే పని, చేస్తానని చెప్పిన రోజు నుంచి ఆయన దాన్ని సెంటరింగ్ అనుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఎన్నో స్లాబు?" అన్నాడు.

"అయితున్నది సార్" అన్నాడు చంద్రయ్య. ఆరేళ్ళలో ఆయన దిద్దలేదు. దిద్దితే ఆ ఒక్క ప్రశ్న కూడా ఆగిపోతుందేమోనని.

మంగళవారం రాడ్లు బయటికి తీసి శివశంకర్ చేతికిచ్చాడు. శివశంకర్ సాంద్రత తేల్చడానికి వాటిని గాలిలో ఒకసారి, నీళ్ళలో ఒకసారి తూచి కంప్యూటర్లో అంకెలు కొట్టాడు. కొట్టి, తల గోక్కున్నాడు. మళ్ళీ తూచి మళ్ళీ కొట్టాడు.

"తొంభై మూడు పాయింట్ ఏడే వస్తున్నదే అన్నా."

పదో తరగతిలో నూటికి తొంభై మూడొస్తే నాచారం చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. ఇక్కడ కొలిమి పీకుతారు. శివశంకర్ ఆ అంకెను అలాగే గోపాలరావుకు వాట్సాప్ చేశాడు.

మధ్యాహ్నం గోపాలరావు షెడ్డు తలుపు దాకా వచ్చాడు, లోపలికి రాలేదు. "ఏమయ్యా చంద్రయ్యా. పది గంటలూ నిలిపావా, నిజం చెప్పు."

"నిలిపిన సార్. పుస్తకం సూడుండ్రి."

"పుస్తకం నువ్వు రాసిందేగా." ఆయన గొంతులో కోపం లేదు, అందుకే మరీ గుచ్చుకుంది. "వయసు మీద పడుతోంది, కూర్చున్నచోట కునుకు పట్టిందేమో. తప్పనటం లేదు. గురువారం పదింటికి కుషాయిగూడ నుంచి పాత మిషన్లు కొనే మనిషి వస్తున్నాడు, కొలిమి చూసుకోటానికి. నీ సామాన్లు సర్దుకో. పొడి గది కూడా ఖాళీ చేసి అప్పజెప్పు."

ఇరవై రెండేళ్ళు పొడి పని చేసి ఏం పొడిచానురా అని చంద్రయ్య స్టూలు మీద కూలబడ్డాడు. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి పట్టుకుంది. నిజంగానే కునుకు పట్టిందా? మధ్యాహ్నం రెండింటికీ మూడింటికీ మధ్య ఏం చేశాడు? గుర్తు తెచ్చుకుంటే రోజులన్నీ ఒకేలా ఉన్నాయి, ఏ రోజు మధ్యాహ్నం ఏదో విడదీయడం కుదరలేదు. పక్కన ఒక మనిషుంటే "నువ్వు మేల్కొనే ఉన్నావు, మనం ఫలానా సంగతి మాట్లాడుకున్నాం" అనేవాడు. ఒంటరి మనిషికి తన మెలకువ మీద తనకే నమ్మకం చాలదు.

బుధవారం పొద్దున తూకాల గది నుంచి వెనక్కి వచ్చిన రాడ్లలోంచి ఒకటి తీసి గచ్చు మీద జారవిడిచాడు. ఖణేల్‌మని గుడిగంటలా మోగింది. సందులున్న రాడ్డు అలా మోగదు, మొద్దుగా చప్పుడు చేస్తుంది. జేబులోంచి పెన్ను తీసి, రీఫిల్ ఊది, ఇంకు బొట్టు దాని మీద వేశాడు. అయిదు నిమిషాలాగి గుడ్డతో తుడిచాడు. మచ్చ లేదు. సరిగా కాలని రాడ్డు ఇంకును ఎండాకాలం నేల నీళ్ళను తాగినట్టు తాగుతుంది. ఇది చుక్క కూడా తాగలేదు.

"మరి నిండుగనే ఉన్నవు గదనే" అన్నాడు రాడ్డుతో. "తక్కువెందుకు తూగినవ్?"

రాడ్డు మాట్లాడలేదు. లాకరు దగ్గరికి వెళ్ళి ప్రజ్ఞకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మీటింగులో ఉన్నా, సాయంత్రం చేస్తానని మెసేజి వచ్చింది. సాయంత్రం చేయలేదు, మరిచిపోయి ఉంటుంది. చంద్రయ్య మళ్ళీ చేయలేదు. ఎవరికైనా రెండోసారి ఫోను చేయడం ఆయనకు అలవాటు లేదు.

గురువారం ఎనిమిదింటికే వచ్చి పొడి గది సర్దడం మొదలుపెట్టాడు. టంగ్‌స్టన్ డబ్బాలు ఒక్కొక్కటే దించాడు. అరచేయంత డబ్బా కూడా పసిపిల్లాడంత బరువుంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ఖాళీదనుకొని ఎత్తబోయి నడుం పట్టేసుకుంటారు. పాతవాళ్ళు అలా మోసపోరు, చెయ్యి వేసేముందే కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగించి ఎత్తుతారు. ఇరవై రెండేళ్ళుగా చంద్రయ్య ఆ గదిలో ఏ డబ్బానైనా అలాగే ఎత్తాడు.

మూల అలమారులో మిగిలిపోయిన ఇట్రియా డబ్బా ఉంది. బాగా పెద్దది, సీలు తీసినా మూడువంతులు నిండుగా ఉంది. కాళ్ళు ఎడం చేశాడు, ఊపిరి బిగించాడు, రెండు చేతులా పట్టి బలంకొద్దీ పైకి లాగాడు.

డబ్బా రివ్వున లేచి పై అరను ఢీకొట్టింది. మూత ఎగిరింది. తెల్లపొడి జల్లున ఆయన నెత్తిమీద, మీసాల మీద, భుజాల మీద కురిసింది. చంద్రయ్య ఆ డబ్బాను నెత్తిపైన ఎత్తి పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

తర్వాత నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది గనక తెరలు తెరలుగా వచ్చింది. గదిలో ఎవరూ లేరు, ఎవరికి చూపించాలో తెలియక గోడకు చూపించి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగాడు. ఇంత డబ్బా ఇంతేనా బరువు?

డబ్బా దించి, మీద అంటించిన చీటీ తుడిచి చదివాడు. సాంద్రత అయిదు. టంగ్‌స్టన్‌ది పందొమ్మిది పాయింట్ మూడు, అది ఆయనకు తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. ఏది ఎంత చోటు ఆక్రమిస్తుందో నేల మీద పడ్డ పొడిలోనే వేలితో లెక్క మొదలుపెట్టాడు. నలభై తొమ్మిదిని పందొమ్మిది పాయింట్ మూడుతో భాగించాడు. ఒకటిని అయిదుతో భాగించాడు. ఐటీఐలో చేసిన భాగహారాలు తుప్పు పట్టాయి, రెండుసార్లు చెరిపి మళ్ళీ చేశాడు. ఆఖరి అంకె వచ్చాక చెప్పులు వేసుకోవడం కూడా మరిచి బయటికి పరుగెత్తాడు.

అప్పటికి కుషాయిగూడ మనిషి టేపు పట్టుకొని షెడ్డు తలుపు కొలుస్తున్నాడు. గోపాలరావు పక్కన ఉన్నాడు. కొలిమి పోతోందని తెలిసి ప్రెస్సు వాళ్ళు, ప్యాకింగు వాళ్ళు, చాయ్ కెటిల్‌తో బాలనర్సమ్మ, తూకాల గది నుంచి శివశంకర్ అందరూ చేరారు. తలనుంచి పాదాల దాకా తెల్లగా ఉన్న మనిషి వస్తుంటే గుంపు రెండుగా చీలింది.

"ఏందన్నా, పిండి గిర్నీల పడ్డవా?" అన్నది బాలనర్సమ్మ.

"సార్" అన్నాడు చంద్రయ్య. వాడకం లేక గొంతు జీరబోయింది. ఇంతమంది ముందు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. "సార్, అయిదు నిమిషాలు. గా టేపు జర ఆపుండ్రి."

గోపాలరావు చెయ్యెత్తితే టేపు సర్రున చుట్టుకుపోయింది.

"శంకరూ, రాడ్డు సాంద్రత ఎంతొచ్చింది? పర్సెంటు గాదు, అసలు అంకె."

శివశంకర్ ఫోనులో చూశాడు. "పద్దెనిమిది పాయింట్ సున్నా తొమ్మిది."

"దాన్ని దేనితోని భాగించినవ్?"

"నేను భాగించలే అన్నా. పాత ఎక్సెల్ షీటే చేస్తది. మనం ఎప్పుడైనా పందొమ్మిది పాయింట్ మూడుతోనే గద."

"గదే తప్పు. షీటే చీటు చేసింది" అన్నాడు చంద్రయ్య. "పందొమ్మిది పాయింట్ మూడు వట్టి టంగ్‌స్టన్‌ది. కంపెనీ పుట్టినకాన్నుంచి మనం వట్టి టంగ్‌స్టనే జేసినం, గందుకే ఎవ్వరం మార్చలే. ఇప్పుడు అండ్ల ఇట్రియా కలిసింది. ఇట్రియా అలకటిది సార్, బరువుండది. తూకంల నూటికి రెండు పాళ్ళే గని జాగ మాత్రం ఏడు పాళ్ళు ఆక్రమిస్తది. ఒక్క సందు గూడ లేకుంట నిండ కాల్చినా ఈ రాడ్డు పద్దెనిమిది పాయింట్ రెండు ఆరు దాటది. దాటమంటె యాడికెల్లి దాటుతది?"

బాలనర్సమ్మ కెటిల్ కింద పెట్టింది.

"అంటె బస్తా నిండ బియ్యం పోస్తె ఒక బరువు. నడిమిట్ల నాలుగు దోసిళ్ళు మరమరాలు గలిపి పోస్తె తక్కువ బరువు. తక్కువ తూగిందని బస్తాకు చిల్లి వడ్డదంటె ఎట్ల, గంతేనానే?"

"గంతే సెల్లే. బస్తా నిండుగనే ఉన్నది."

"మరి ఆ మరమరాలు కలపడం దేనికయ్యా?" అన్నాడు కుషాయిగూడ మనిషి. కొనడానికి వచ్చినవాడు కూడా లెక్కలో పడిపోయాడు.

"కలపకుంటె గింజలు ఒకదాన్నొకటి మింగి బలుస్తయి. రాడ్డు పుటుక్కుమంటది. అలకగుంటదని పారేసేది గాదది. గోడల కూసోని గోడను వట్టుకుంటది."

శివశంకర్ అప్పటికే ఫోనులో లెక్క వేస్తున్నాడు. పద్దెనిమిది పాయింట్ సున్నా తొమ్మిదిని పద్దెనిమిది పాయింట్ రెండు ఆరుతో భాగించి, ఒకసారి నమ్మక మళ్ళీ కొట్టి, తెరను గోపాలరావు వైపు తిప్పాడు. "తొంభై తొమ్మిది పాయింట్ ఒకటి సార్."

గోపాలరావు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకొని చూశాడు. కుషాయిగూడ మనిషి వైపు తిరిగి, "ఏమనుకోకండి, కొలిమి అమ్మటం లేదు" అన్నాడు. చంద్రయ్య వైపు తిరిగి కునుకు సంగతి ఏదో అనబోయి, తెల్లటి ఆ మొహం చూసి, మాట మింగి, భుజం మీద చెయ్యి వేశాడు. చేతికి పొడి అంటుకుంది.

ఇక ఎవరి పనికి వాళ్ళు కదులుతున్నారు. చంద్రయ్య వాళ్ళ వీపుల వంకే చూస్తూ నిలబడ్డాడు. అంతలో వెనక వరసలోంచి ప్యాకింగు వాళ్ళలో ఒకామె, "నాకు సమజ్ గాలేదు పెద్దాయినా. నిండుగుంటె తక్కువెందుకు తూగింది?" అన్నది.

వెళ్ళబోయినవాళ్ళు కొందరు ఆగారు. వాళ్ళకూ అర్థం కాలేదన్నమాట.

చంద్రయ్య షెడ్డు మెట్టు మీద కూర్చున్నాడు. పక్కన ఇంత చోటు వదిలాడు. "కూసోండ్రి, మొదటికెల్లి చెప్త" అన్నాడు. వాళ్ళు కూర్చున్నాక ఒక రాడ్డు తీసి ఆమె చేతికిచ్చి, "ఇండ్ల రెండు ఉన్నయి. ఒకటి బరువుది, ఒకటి అలకటిది" అని నెమ్మదిగా, ఎక్కడా తొందర లేకుండా, మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.